లూప్ చిత్రాల్లో రంగు గుణకాలను లెక్కించే పద్ధతి

క్వార్కులు, గ్లూవాన్లు ఒకదానితో ఒకటి జరిపే చర్యలను వివరించే క్వాంటమ్ క్రోమోడైనమిక్స్ (క్యూసీడీ)లో లూప్ చిత్రం, అంటే లోపలి గీతలు మూసుకొని వలయమయ్యే ఫైన్‌మన్ చిత్రం, అనగానే చదువరికి మొదట గుర్తొచ్చేవి మొమెంటం సమాకలనాలు, డిరాక్ మాత్రికల బీజగణితం, అనంతాలను అదుపు చేసే రెగ్యులరైజేషన్. ఇవన్నీ కష్టమైనవే. అయితే ప్రతి ఫైన్‌మన్ చిత్రంలోనూ వీటితో సంబంధం లేకుండా విడిగా లెక్కకు అందే ముక్క ఒకటుంది; అదే రంగు గుణకం, అంటే కలర్ ఫ్యాక్టర్. దీనికి సమాకలనం అవసరం లేదు, మాత్రికల గుణకారంలో నాలుగైదు సర్వసమీకరణాలు చేతిలో ఉంటే చాలు. కాబట్టి సమాకలనం జోలికి వెళ్ళకముందే దీన్ని తేల్చుకోవడం మంచిది: రంగు గుణకం సున్నా అయితే ఆ చిత్రాన్ని అక్కడితో వదిలేయవచ్చు, కాకపోతే ఏ చిత్రాలు ఒకదానితో ఒకటి కలిసి రద్దవుతాయో ముందే తెలుస్తుంది. ఫైన్‌మన్ నియమాలు కొంత పరిచయమై, కమ్యూటేటర్ అంటే ఏమిటో తెలిసిన విద్యార్థిని దృష్టిలో పెట్టుకొని ఈ పద్ధతిని వివరిస్తున్నాను.

మొదట గుర్తుల సంగతి. క్వార్కులు, గ్లూవాన్లు మోసే ఆవేశాన్నే రంగు అంటారు; రంగుల సంఖ్యను ఎన్ అందాం. ప్రకృతిలో అది 3. ఎస్‌యు(ఎన్) సమూహానికి ఎన్² − 1 జనరేటర్లు ఉంటాయి, అంటే గ్లూవాన్లు 8. క్వార్కులపై పనిచేసే జనరేటర్ మాత్రికను టి[క] అని రాస్తాను. ఇక్కడ క, ఖ, గ, ఘ అనేవి 1 నుంచి 8 వరకు నడిచే గ్లూవాన్ సూచికలు. ఒకే లబ్ధంలో ఏ సూచికైనా రెండుసార్లు వస్తే దాని మీద కూడిక జరిగినట్టే లెక్క. సమూహ నిర్మాణ స్థిరాంకాలను ఎఫ్[కఖగ] అని, కల్పిత సంఖ్యను, అంటే −1 వర్గమూలాన్ని, ఐ అని రాస్తాను. ఏ రెండు సూచికలను తారుమారు చేసినా ఎఫ్ గుర్తు మారుతుంది. మొత్తం లెక్కకు పునాది ఈ రెండు సమీకరణాలు:

టి[క] టి[ఖ] − టి[ఖ] టి[క] = ఐ ఎఫ్[కఖగ] టి[గ]

ట్రేస్(టి[క] టి[ఖ]) = టిఆర్ · డెల్టా[కఖ], ఇందులో టిఆర్ = ½; ట్రేస్ అంటే మాత్రిక వికర్ణ పదాల మొత్తం, డెల్టా[కఖ] విలువ రెండు సూచికలూ ఒకటే అయితే 1, లేకపోతే 0

వీటి నుంచి పుట్టే రెండు సంఖ్యలు చివరిదాకా మనతోనే ఉంటాయి. క్వార్క్ గీత మీద ఒకే గ్లూవాన్ వెలువడి వెంటనే తిరిగి చేరితే టి[క] టి[క] = సిఎఫ్ వస్తుంది; దాని విలువ (ఎన్² − 1)/(2ఎన్), అంటే 4/3. గ్లూవాన్ గీత మీద అదే పని జరిగితే ఎఫ్[కగఘ] ఎఫ్[ఖగఘ] = సిఏ · డెల్టా[కఖ] వస్తుంది; సిఏ విలువ ఎన్, అంటే 3. వీటిని కాజిమిర్ సంఖ్యలు అంటారు. ఒక క్వార్క్ గ్లూవాన్లను ఎంత బలంగా వెలువరిస్తుందో సిఎఫ్ చెబితే, ఒక గ్లూవాన్ మరో గ్లూవాన్‌ను ఎంత బలంగా వెలువరిస్తుందో సిఏ చెబుతుంది.

చిత్రం నుంచి రంగును విడదీయడం

చిత్రాన్ని చూసి రంగు భాగాన్ని రాయడం యాంత్రికమైన పనే, కాని ఇక్కడ చేసిన తొందరపాటు లెక్క చివర గుర్తు తప్పుగా బయటపడుతుంది. క్వార్క్ ప్రాపగేటర్‌లోనూ గ్లూవాన్ ప్రాపగేటర్‌లోనూ రంగు మారదు కాబట్టి అవి కేవలం సూచికలను కలిపే డెల్టాలు. క్వార్క్–గ్లూవాన్ శీర్షానికి, అంటే ఆ గీతలు కలిసే బిందువుకు, ఒక టి రాయాలి. క్వార్క్ గీతను బాణం గుర్తుకు ఎదురుగా, అంటే చివరి నుంచి మొదటికి చదువుతూ, తగిలిన ప్రతి శీర్షానికీ ఒక మాత్రికను ఎడమ నుంచి కుడికి రాసుకుంటూ పోవాలి; డిరాక్ మాత్రికలను ఏ వరుసలో రాస్తామో ఇదీ అదే వరుస. గీత మూసుకుపోయి వలయమైతే ఆ మాత్రికల లబ్ధానికి ట్రేస్ తీయాలి.

మూడు గ్లూవాన్లు కలిసే శీర్షానికి ఎఫ్[కఖగ] రాయాలి. ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి: ఆ శీర్షపు మొమెంటం భాగం కూడా రెండు గ్లూవాన్లను తారుమారు చేస్తే గుర్తు మార్చుకుంటుంది. రెండూ కలిసినప్పుడు మొత్తం శీర్షం మారదు కాబట్టి ఏ వరుసలో రాసినా ఫరవాలేదు. కాని రంగు భాగాన్ని ఒక వరుసలోనూ మొమెంటం భాగాన్ని మరో వరుసలోనూ రాస్తే చిత్రం మొత్తానికి ఒక రుణ గుర్తు అదనంగా చేరుతుంది. అందుకని ప్రతి మూడు గ్లూవాన్ల శీర్షాన్నీ గడియారపు ముల్లు తిరిగే దిశకు వ్యతిరేకంగా చదవాలని ఒకసారి నిర్ణయించుకొని, రెండు భాగాలకూ అదే పాటించాలి. ఘోస్ట్ (లెక్కలో మాత్రమే వచ్చే కల్పిత కణం), గ్లూవాన్ కలిసే శీర్షానికి కూడా రంగు భాగం ఎఫ్ మాత్రమే.

నాలుగు గ్లూవాన్ల శీర్షం ఒక్కటే ఈ విభజనకు లొంగదు. అందులో ఎఫ్[కఖచ] ఎఫ్[గఘచ] వంటి మూడు రంగు పదాలుంటాయి, ఒక్కో పదానికి వేరే వేరే గతి భాగం (రంగు కాని మొమెంటం భాగం) అతుక్కొని ఉంటుంది. అటువంటి శీర్షం ఉన్న చిత్రాన్ని మొదట్లోనే మూడు చిత్రాలుగా చీల్చి, ఒక్కోదానికి విడిగా రంగు లెక్కించాలి. ఉదాహరణకు ఆ శీర్షంలో గ, ఘ సూచికలున్న రెండు కాళ్ళను కలిపి వలయం చేస్తే మొదటి పదంలో ఎఫ్[గగచ] వచ్చి సున్నా అవుతుంది, మిగతా రెండూ సిఏకి తగ్గుతాయి.

మూసిన ఫెర్మియాన్ వలయానికి వచ్చే −1, ఒకే రకం కణాలు వలయంలో తిరిగినప్పుడు వచ్చే ½ వంటి సౌష్ఠవ గుణకాలు రంగుకు చెందినవి కావు. వాటిని గతి భాగంలోనే ఉంచాలి. ఈ హద్దును మొదటి రోజు నుంచే గట్టిగా పాటించినవారికి తర్వాత ఎంతో శ్రమ తప్పుతుంది.

రెండు మార్గాలు

రంగు భాగం కాగితం మీదికి వచ్చాక దాన్ని తగ్గించడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది కమ్యూటేటర్ మార్గం. క్వార్క్ గీత మీద టి[క] టి[ఖ] టి[క] అనే లబ్ధం వచ్చిందనుకుందాం. రెండు క మాత్రికల మధ్య ఖ అడ్డుగా ఉంది. దాన్ని కమ్యూటేటర్ సాయంతో పక్కకు జరపాలి. టి[ఖ] టి[క] స్థానంలో టి[క] టి[ఖ] + ఐ ఎఫ్[ఖకగ] టి[గ] అని రాస్తే మొదటి పదం సిఎఫ్ · టి[ఖ] అవుతుంది, రెండోది ఐ ఎఫ్[ఖకగ] టి[క] టి[గ]. ఎఫ్ అనేది క, గ తారుమారైతే గుర్తు మార్చుకుంటుంది కాబట్టి టి[క] టి[గ] లబ్ధంలో దాని కమ్యూటేటర్‌లో సగం మాత్రమే మిగులుతుంది. ఆ సగం మరో ఐ, మరో ఎఫ్ తెస్తుంది. రెండు ఎఫ్‌ల లబ్ధం సిఏ అవుతుంది, రెండు ఐల లబ్ధం −1 అవుతుంది. ఫలితం:

టి[క] టి[ఖ] టి[క] = (సిఎఫ్ − ½ సిఏ) టి[ఖ]

ఇదే దారిలో ఎఫ్[కఖగ] టి[ఖ] టి[గ] = (ఐ/2) సిఏ · టి[క] అని కూడా వస్తుంది. ఈ రెండింటినీ కంఠస్థం చేయడం కంటే రెండు మూడు సార్లు చేత్తో సాధించడం మేలు.

రెండో మార్గం ఫియర్జ్ సర్వసమీకరణం. ఒక గ్లూవాన్ రెండు చివర్లా క్వార్క్ గీతలను తాకినప్పుడు, ఆ గ్లూవాన్‌ను పూర్తిగా తీసేసి రంగు గీతలను నేరుగా కలిపే వీలు ఇందులో ఉంది. క్వార్క్ రంగు సూచికలను య, ర, ల, వ అనుకుంటే:

టి[క](య,ర) · టి[క](ల,వ) = ½ { డెల్టా(య,వ) · డెల్టా(ల,ర) − (1/ఎన్) డెల్టా(య,ర) · డెల్టా(ల,వ) }

దీన్ని వాడుకకు అనువుగా రెండు సూత్రాల్లో పెట్టుకోవచ్చు. ఎక్స్, వై ఏ మాత్రికలైనా సరే,

టి[క] · ఎక్స్ · టి[క] = ½ ట్రేస్(ఎక్స్) − (1/2ఎన్) ఎక్స్

ట్రేస్(టి[క] ఎక్స్) · ట్రేస్(టి[క] వై) = ½ { ట్రేస్(ఎక్స్ వై) − (1/ఎన్) ట్రేస్(ఎక్స్) ట్రేస్(వై) }

మొదటి సూత్రంలో ఎక్స్ బదులు టి[ఖ] పెట్టి చూడండి. టి[ఖ] ట్రేస్ సున్నా కాబట్టి −1/(2ఎన్) · టి[ఖ] మిగులుతుంది. సిఎఫ్ − ½ సిఏ విలువ కట్టినా సరిగ్గా అదే, అంటే −1/6. చిత్రంలో ఎఫ్‌లు ఉంటే ముందుగా ఎఫ్[కఖగ] = −2ఐ · ట్రేస్((టి[క] టి[ఖ] − టి[ఖ] టి[క]) టి[గ]) అని రాసి వాటిని కూడా టిలలోకి మార్చుకోవాలి. ఆ తర్వాత ఒక్కో గ్లూవాన్‌ను తీసేసుకుంటూ పోతే, చిత్రం ఎంత చిక్కుగా ఉన్నా, చివరికి మూసిన రంగు వలయాలే మిగులుతాయి. ఒక్కో వలయానికి ఎన్ వస్తుంది. ఈ పద్ధతి ఎప్పుడూ మధ్యలో ఆగిపోదు, అదే దీని బలం. 1974లో గెరార్డ్ 'ట్ హూఫ్ట్ గ్లూవాన్‌ను రెండు గీతలుగా గీసి, ఎన్ పెద్దదైనప్పుడు ఏ చిత్రాలు నిలుస్తాయో చూపించింది ఈ ఆలోచనతోనే. 1976లో ప్రెడ్రాగ్ స్విటానోవిచ్ రంగు బీజగణితం మొత్తాన్నీ బొమ్మల రూపంలోనే సాధించే విధానాన్ని ప్రచురించారు.

ఏ మార్గం ఎప్పుడు ఎంచుకోవాలి? చిత్రం చిన్నదై, ఫలితాన్ని సిఎఫ్, సిఏల్లో చూడాలనుకుంటే కమ్యూటేటర్ మార్గం. గ్లూవాన్లు ఒకదాన్నొకటి దాటుకుంటూ చిక్కుపడినా, ట్రేసులు ఒకటికంటే ఎక్కువ ఉన్నా ఫియర్జ్ మార్గం. నేనైతే ఏ కొత్త చిత్రాన్నైనా రెండు దారుల్లోనూ సాధించి చూడమంటాను. రెండూ వేర్వేరు చోట్ల పొరపాట్లకు తావిస్తాయి కాబట్టి ఒకే జవాబు వస్తే దాని మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

ఒక లూప్ చిత్రాలు, 3ను తొందరపడి ఎందుకు పెట్టకూడదు

ఇప్పుడు అసలు చిత్రాల్లోకి వెళ్దాం. క్వార్క్ స్వీయశక్తి చిత్రంలో రంగు గుణకం సిఎఫ్. ఇందులో చేయాల్సిందేమీ లేదు. గ్లూవాన్ స్వీయశక్తిలో క్వార్క్ వలయానికి టిఆర్‌ను ఫ్లేవర్ల (క్వార్క్ రకాల) సంఖ్యతో గుణించాలి, గ్లూవాన్ వలయానికీ ఘోస్ట్ వలయానికీ సిఏ వస్తుంది. క్వార్క్–గ్లూవాన్ శీర్షానికి ఒక లూప్ సవరణలు రెండు. మొదటిదాంట్లో బయటి గ్లూవాన్ ఖను దాటుకొని లోపలి గ్లూవాన్ క క్వార్క్ గీత మీదుగా వంతెనలా సాగుతుంది. అది మనం పైన సాధించిన టి[క] టి[ఖ] టి[క], గుణకం సిఎఫ్ − ½ సిఏ. రెండోదాంట్లో బయటి గ్లూవాన్ రెండు గ్లూవాన్లుగా చీలి రెండూ క్వార్క్‌ను తాకుతాయి. దాని గుణకం ½ సిఏ, ఐ మాత్రం గతి భాగపు ఐలతో కలిసిపోతుంది.

ఈ దశలో చాలామంది సిఎఫ్ బదులు 4/3, సిఏ బదులు 3 పెట్టేస్తారు. అలా చేయవద్దని నా గట్టి సలహా, దానికి కారణం ఈ చిత్రాల్లోనే ఉంది. ఫైన్‌మన్ గేజ్‌లో ఈ చిత్రాల అనంత భాగాలను ఒకే ఉమ్మడి గుణకం బయటికి తీసి పోల్చి చూద్దాం. మొదటి శీర్ష చిత్రం సిఎఫ్ − ½ సిఏ ఇస్తుంది. రెండో శీర్ష చిత్రపు సమాకలనం దానికి మూడు రెట్లు ఉండటంతో అది 3/2 సిఏ ఇస్తుంది. రెండింటి మొత్తం సిఎఫ్ + సిఏ. క్వార్క్ స్వీయశక్తి నుంచి వచ్చేది సిఎఫ్. కప్లింగ్ (గ్లూవాన్ ఎంత బలంగా కలుస్తుందో చెప్పే సంఖ్య) పునర్‌సాధారణీకరణలో ఈ రెండింటి తేడాయే కనిపిస్తుంది కాబట్టి సిఎఫ్ పూర్తిగా రద్దై సిఏ ఒక్కటే మిగులుతుంది. సంఖ్యలు పెట్టి ఉంటే 13/3లోంచి 4/3 తీసేస్తే 3 అని కనబడేది. జవాబు సరైనదే, కాని ఆ 3 సిఏ నుంచి వచ్చిందా, ఎన్ నుంచి యాదృచ్ఛికంగా వచ్చిందా, రద్దైనదేమిటి అన్న ప్రశ్నలకు ఆ లెక్కలో జవాబు దొరకదు. గుర్తులతో చేసినప్పుడు మాత్రం క్వార్క్ ఏ ప్రాతినిధ్యంలో ఉన్నా ఈ రద్దు జరిగి తీరుతుందని కళ్ళెదుటే తెలుస్తుంది; గ్లూవాన్ రంగున్న అన్ని కణాలతోనూ ఒకే కప్లింగ్‌తో కలవాలన్న గేజ్ సౌష్ఠవపు నిబంధన ఆ రద్దులోనే ఉంది.

మిగిలింది గ్లూవాన్ స్వీయశక్తి. అదే గేజ్‌లో గ్లూవాన్, ఘోస్ట్ వలయాలు కలిసి 5/3 సిఏ ఇస్తాయి, క్వార్క్ వలయాలు −4/3 టిఆర్‌ను ఫ్లేవర్ల సంఖ్యతో గుణించినంత ఇస్తాయి. శీర్షం నుంచి మిగిలిన సిఏ రెండింతలుగా వచ్చి చేరుతుంది. 2 సిఏ + 5/3 సిఏ = 11/3 సిఏ. ఇప్పుడు సంఖ్యలు పెట్టవచ్చు: శక్తితో కప్లింగ్ మారే తీరును చెప్పే బీటా ఫలనపు మొదటి గుణకం 11 − (2/3) × ఫ్లేవర్ల సంఖ్య. ఫ్లేవర్లు 16 దాటనంత వరకు ఇది ధనాత్మకం. కప్లింగ్ అధిక శక్తుల దగ్గర బలహీనపడటానికి కారణం ఇదే. 1973లో డేవిడ్ గ్రాస్, ఫ్రాంక్ విల్చెక్ ఒకవైపు, డేవిడ్ పొలిట్జర్ మరోవైపు ప్రచురించిన ఈ ఫలితానికే 2004లో నోబెల్ బహుమతి వచ్చింది.

గుర్తులను చివరిదాకా ఉంచడం వల్ల మరో లాభం ఉంది. సిఏ = 0, సిఎఫ్ = 1, టిఆర్ = 1 అని పెడితే క్యూసీడీ ఫలితం క్వాంటమ్ ఎలక్ట్రోడైనమిక్స్ ఫలితంగా మారాలి. పై లెక్కలో అలా పెట్టి చూస్తే శీర్ష సవరణ, స్వీయశక్తి సమానమవుతాయి. అది వార్డ్ సర్వసమీకరణం. 4/3, 3 అని రాసుకున్న కాగితం మీద ఈ పరీక్ష చేయడం సాధ్యం కాదు.

రెండు, మూడు లూప్‌లు

రెండు లూప్‌ల క్వార్క్ స్వీయశక్తిలో ఒక గ్లూవాన్ మరోదాన్ని పూర్తిగా కప్పిన చిత్రానికి టి[క] టి[ఖ] టి[ఖ] టి[క], అంటే సిఎఫ్² వస్తుంది, విలువ 16/9. రెండు గ్లూవాన్లు ఒకదాన్నొకటి దాటిన చిత్రానికి టి[క] టి[ఖ] టి[క] టి[ఖ]. ఇందులో మొదటి మూడు మాత్రికలను తెలిసిన సూత్రంతో తగ్గిస్తే సిఎఫ్ (సిఎఫ్ − ½ సిఏ), విలువ −2/9. పరిమాణంలో ఇది మొదటిదానిలో ఎనిమిదో వంతు, పైగా గుర్తు వ్యతిరేకం. ఎన్ పెద్దదైతే మొదటిది ఎన్²/4గా పెరుగుతుంది, రెండోది −¼ దగ్గరే ఆగిపోతుంది. దాటుకునే చిత్రాలు రంగు రీత్యా అణగిపోతాయనే మాటకు ఇదే అతి సరళమైన ఉదాహరణ. లోపలి గ్లూవాన్ గీతలో వలయం ఉన్న చిత్రాలకు ఒక లూప్ ఫలితాన్నే అతికించి సిఎఫ్ సిఏ, సిఎఫ్ టిఆర్ అని రాయవచ్చు. మూడు గ్లూవాన్ల శీర్షం మధ్యలో ఉండి మూడు కాళ్ళూ క్వార్క్ గీతను తాకితే ఎఫ్[కఖగ] టి[క] టి[ఖ] టి[గ] = (ఐ/2) సిఏ సిఎఫ్.

గ్లూవాన్ స్వీయశక్తిలో క్వార్క్ వలయం లోపల మరో గ్లూవాన్ ఉన్నప్పుడు ఇవే సూత్రాలు ట్రేస్ లోపల పనిచేస్తాయి. లోపలి గ్లూవాన్ ఒకే క్వార్క్ ప్రాపగేటర్ మీద ఉంటే టిఆర్ సిఎఫ్, అంటే 2/3. అడ్డంగా దాటితే టిఆర్ (సిఎఫ్ − ½ సిఏ), అంటే −1/12. రెండు లూప్‌ల బీటా గుణకం (34/3) సిఏ²లోంచి, ఫ్లేవర్ల సంఖ్యతో గుణించిన (20/3) సిఏ టిఆర్ + 4 సిఎఫ్ టిఆర్‌ను తీసేసినంత. సంఖ్యల్లో అది 102 − (38/3) × ఫ్లేవర్ల సంఖ్య. ఒక లూప్‌లో రద్దైపోయిన సిఎఫ్ ఇక్కడ కనిపించడం గమనించాలి. క్వార్క్ వలయం లోపల గ్లూవాన్ తిరగడం మొదలైన మరుక్షణం దాన్ని రద్దు చేసేది ఏదీ ఉండదు.

మూడు లూప్‌లకు ఒక ఉదాహరణ చాలు: టి[క] టి[ఖ] టి[గ] టి[క] టి[ఖ] టి[గ]. మూడు గ్లూవాన్లూ పరస్పరం దాటుకున్నాయి. కమ్యూటేటర్లతో మొదలుపెడితే పదాలు పెరిగిపోతాయి కాబట్టి ఇక్కడ ఫియర్జ్ మార్గం పడదాం. మొదటి నాలుగు మాత్రికల్లో క జంట మధ్య ఎక్స్ = టి[ఖ] టి[గ] ఉంది. సూత్రం ప్రకారం అది ¼ డెల్టా[ఖగ] − (1/2ఎన్) టి[ఖ] టి[గ]. దీన్ని మిగిలిన టి[ఖ] టి[గ]తో గుణిస్తే మొదటి పదం సిఎఫ్/4. రెండోదాంట్లో టి[ఖ] టి[గ] టి[ఖ] టి[గ] ఉంది, దాని విలువ −సిఎఫ్/(2ఎన్) అని మనకు ముందే తెలుసు. మొత్తం (సిఎఫ్/4)(1 + 1/ఎన్²), అంటే 10/27. ఇదే ఫలితాన్ని సిఎఫ్ (సిఎఫ్ − ½ సిఏ)(సిఎఫ్ − సిఏ) అని కూడా రాయవచ్చు. సంఖ్యలు పెడితే (4/3)(−1/6)(−5/3), అదీ 10/27.

రెండు క్వార్క్ గీతల మధ్య: బాక్స్ చిత్రాలు

బయట రంగు కణాలు నాలుగు ఉన్నప్పుడు ఒక్క సంఖ్యతో పని జరగదు. సాధారణంగా లూప్ చిత్రాన్ని ట్రీ చిత్రంతో, అంటే లూప్ లేని చిత్రంతో, గుణించి, బయటి రంగులన్నిటి మీదా కూడిక చేస్తాం. క్వార్క్, ప్రతిక్వార్క్ కలిసి టాప్ క్వార్క్ జంటను పుట్టించే ప్రక్రియను తీసుకుందాం. ట్రీ చిత్రంలో ఒకే గ్లూవాన్ ఉంది; దాని వర్గంలో రంగు ట్రేస్(టి[క] టి[ఖ]) ట్రేస్(టి[క] టి[ఖ]) = ¼ × 8 = 2. ప్రారంభ రంగుల సగటు కోసం 9తో భాగిస్తే 2/9.

బాక్స్ చిత్రాలు రెండు: తేలిక క్వార్క్ గీత, టాప్ గీతల మధ్య రెండు గ్లూవాన్లు నేరుగా ఉండేది ఒకటి, దాటుకునేది ఒకటి. ట్రీ చిత్రంతో కలిపితే ఒక్కో గీత మూసుకొని మూడు మాత్రికల ట్రేస్ అవుతుంది. ఒక చిత్రంలో రెండు ట్రేసుల్లోనూ క, ఖ, గ ఒకే వరుసలో వస్తాయి, మరోదాంట్లో ఎదురు వరుసలో వస్తాయి. ఫియర్జ్ రెండో సూత్రంతో క ను తీసేద్దాం. ఒకే వరుస అయితే ½ { ట్రేస్(టి[ఖ] టి[గ] టి[ఖ] టి[గ]) − (1/3) × 2 }; లోపలి ట్రేస్ 3 × (−2/9) = −2/3, కాబట్టి మొత్తం −2/3. ఎదురు వరుస అయితే లోపలి ట్రేస్ 3 × సిఎఫ్² = 16/3, మొత్తం ½ (16/3 − 2/3) = 7/3.

ఈ రెండు సంఖ్యల వెనుక అందమైన భౌతికశాస్త్రం ఉంది. మూడు టిల ట్రేస్‌ను ¼ (డి[కఖగ] + ఐ ఎఫ్[కఖగ]) అని రాయవచ్చు. ఇక్కడ డి అన్ని సూచికలలోనూ సౌష్ఠవం గలది. సూచికలన్నిటి మీదా కూడితే ఎస్‌యు(3)లో డి వర్గం 40/3, ఎఫ్ వర్గం 24. రెండింటిని కలిపి 16తో భాగిస్తే 7/3, డి వర్గం లోంచి ఎఫ్ వర్గం తీసి 16తో భాగిస్తే −2/3. దాటుకునే బాక్స్ గతి భాగం మామూలు బాక్స్ గతి భాగంలో టాప్, ప్రతిటాప్ స్థానాలు మార్చి రుణ గుర్తు పెట్టినంత. కాబట్టి టాప్, ప్రతిటాప్‌లను తారుమారు చేస్తే గుర్తు మారే భాగానికి రంగు గుణకాల మొత్తం, 7/3 − 2/3 = 5/3, తగులుతుంది; అది పూర్తిగా డి వర్గం నుంచి వచ్చినది. మారని భాగానికి వాటి తేడా, 3, తగులుతుంది. అది పూర్తిగా ఎఫ్ వర్గం. ఫెర్మీల్యాబ్‌లో 2011 వరకు నడిచిన టెవట్రాన్ కణ త్వరణ యంత్రంలో టాప్ క్వార్కులు ప్రోటాన్ దిశగా కొంచెం ఎక్కువగా వెలువడిన ముందు–వెనుక అసౌష్ఠవానికి క్యూసీడీలో ప్రధాన మూలం ఈ డి వర్గమే. అదనపు గ్లూవాన్ వెలువడే చిత్రాల నుంచి వచ్చే అసౌష్ఠవం కూడా ప్రధానంగా దానితోనే గుణించబడుతుంది. సమాకలనం ఒక్కటి కూడా చేయకుండా, రంగును బట్టే ఏ చిత్రాలు ఈ అసౌష్ఠవానికి కారణమవుతాయో ఇంత స్పష్టంగా చెప్పగలగడం నాకు ఎప్పుడూ అబ్బురమే.

సరిచూసుకోవడం

ఇతరుల ఫలితాలతో పోల్చేటప్పుడు మొదట చూడవలసింది టిఆర్ విలువ. బహుళ గ్లూవాన్ల యాంప్లిట్యూడ్ల మీద పనిచేసేవారు తరచుగా ట్రేస్(టి[క] టి[ఖ]) = డెల్టా[కఖ] అని తీసుకుంటారు. అప్పుడు సిఎఫ్ 8/3గా, సిఏ 6గా మారతాయి. ఆ తేడాను కప్లింగ్ పక్కన చేరే √2 సరిచేస్తుంది. భౌతిక ఫలితం మారదు, కాని రెండు సంప్రదాయాలను ఒకే లెక్కలో కలిపితే 2, 4 గుణకాలు తప్పుతాయి.

సంఖ్యాపరంగా సరిచూడటం సులభం. గెల్‌మన్ మాత్రికలు ఎనిమిదింటిని 2తో భాగించి టిలుగా తీసుకొని, నమ్‌పై వంటి సాధనంలో సూచికల కూడికను నేరుగా చేయించవచ్చు. పైన ఇచ్చిన −2/9, 10/27, 7/3 అన్నీ నిమిషంలో బయటపడతాయి. అయితే ఈ పరీక్ష ఎన్ = 3కే పరిమితం. సూత్రం సరైనదో కాదో తేల్చాలంటే ఎన్ = 2కి పౌలి మాత్రికలతోనూ చేసి చూడాలి; ఎస్‌యు(2)లో సిఎఫ్ ¾, సిఏ 2, డి పూర్తిగా సున్నా. వందల చిత్రాలున్న లెక్కలకు యోస్ వెర్మాసెరెన్ రూపొందించిన ఫార్మ్ ప్రోగ్రామ్, దానికోసమే రాసిన కలర్ ప్యాకేజీ ఉన్నాయి. ఫలితాన్ని అవి కాజిమిర్ సంఖ్యల్లోనే ఇస్తాయి.

బీటా ఫలనం మూడు లూప్‌ల వరకు సిఎఫ్, సిఏ, టిఆర్‌లలోనే ఇమిడిపోతుంది. 1997లో వాన్ రిట్‌బెర్గెన్, వెర్మాసెరెన్, లారిన్ నాలుగు లూప్‌ల ఫలితాన్ని వెలువరించినప్పుడు వీటిలోకి తగ్గని కొత్త సంఖ్యలు అందులో కనిపించాయి. నాలుగు జనరేటర్ల ట్రేస్‌ను అన్ని వరుసల్లోనూ సగటు తీసి, అటువంటి రెండింటిని పూర్తిగా కలిపితే వచ్చే నాల్గవ స్థాయి కాజిమిర్లు అవి. గ్లూవాన్ సంఖ్యతో భాగించాక ఎస్‌యు(ఎన్)లో గ్లూవాన్–గ్లూవాన్ జతకు ఎన్²(ఎన్² + 36)/24, క్వార్క్–గ్లూవాన్ జతకు ఎన్(ఎన్² + 6)/48 వస్తాయి; ఎన్ = 3 అయితే అవి 135/8, 15/16. ఫియర్జ్ మార్గంలో వెళ్ళేవారికి ఇవీ మామూలు ఎన్ బహుపదులే కాబట్టి ఏ ఆటంకమూ ఉండదు. కమ్యూటేటర్ మార్గంలో వెళ్ళేవారు మాత్రం నాలుగు మాత్రికల సౌష్ఠవ ట్రేస్ కనబడగానే దాన్ని ఇంకా తగ్గించే ప్రయత్నం మానుకొని, దానికొక కొత్త గుర్తు పెట్టుకొని ముందుకు సాగాలి.